‘ఏమీ చేతకాదు’ అని వ్రాసిన తల్లికి



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెళ్లి సంబంధాల గురించి, అత్తాకోడళ్ల గురించి, పరీక్ష తప్పిన పిల్లల గురించి ఉంటాయి. వాటికి జవాబు వ్రాయడం మాకు కొంత అలవాటైపోయింది. కాని ఒక వానకాలంలో గోదావరి ప్రాంతపు పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం చాలా రోజులు మా బల్ల మీదనే ఉండిపోయింది. ఏమని జవాబు వ్రాయాలో మాకు తోచలేదు.

“మా చిన్నవాడికి పదిహేడేళ్లు నిండాయి. నాలుగో తరగతితో బడి మాన్పించాము. బుద్ధి ఎదగలేదని డాక్టరుగారు చెప్పారు. వాడికి ఏమీ చేతకాదు. నాకు షుగరు, ఆయనకు నడుము నొప్పి. మేము పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు? ఇలాంటి పిల్లల్ని ఉంచుకొనే హాస్టలు ఎక్కడైనా ఉంటే దయచేసి తెలియజేయండి.” ఇదీ ఉత్తరం.

హాస్టళ్ల పేర్లు నాలుగు వ్రాసి పంపితే మా పని అయిపోయేది. అలా చేయడానికి మనసొప్పలేదు. “అమ్మా, హాస్టలు సంగతి తరువాత చూద్దాం. ముందు మీ అబ్బాయి ప్రొద్దున లేచింది మొదలు రాత్రి పడుకొనే వరకు ఏమేమి చేస్తాడో, ఒక్కటి కూడా వదలకుండా వ్రాసి పంపండి” అని జవాబిచ్చాము.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. “చెప్పుకోదగ్గవి ఏమీ లేవండి. లేచి గేదెకు కుడితి పెడతాడు. పేడ తీస్తాడు. నేను పాలు పితికితే క్యాను పట్టుకొని పాలకేంద్రానికి వెళతాడు. చీటీ తెచ్చి నా చేతికిస్తాడు. క్యాను కడిగి బోర్లిస్తాడు. అంతే.”

అంతే అట! పాలకేంద్రం తెరిచి ఉండేది కొద్ది సేపే కదా. ఆలస్యమైతే పాలు ఇంట్లో విరిగిపోవలసిందే. ఈ అబ్బాయి వేళకు వెళుతున్నాడు. వరుసలో నిలబడుతున్నాడు. పాలు ఒలకకుండా మోస్తున్నాడు. ఇచ్చిన చీటీ పారేయకుండా ఇంటికి చేరుస్తున్నాడు. ఆరవేయవలసిన గిన్నెను ఆరవేస్తున్నాడు. పదో తరగతి పాసైన కుర్రవాళ్లలో ఈ అయిదు గుణాలూ లేనివారిని పనిలో పెట్టుకొని తలపట్టుకొన్న యజమానులు మాకు తెలుసు. ఆ తల్లి పదిహేడేళ్లుగా కొడుకును కళ్లెదుట పెట్టుకొని కూడా, వాడికి రానివాటినే లెక్కపెట్టింది. ఆమెను తప్పు పట్టడం లేదు. బడి, బంధువులు, ఇరుగుపొరుగు అందరూ ఆమెకు నేర్పిన లెక్క అదే.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. చదువు రాని పిల్లలందరినీ మనం ఒకే గాటన కట్టేస్తాము. నిజానికి వీరిలో రెండు రకాలవారు ఉన్నారు. కొందరికి తెలివికి లోటు లేదు. మాట చక్కగా మాట్లాడతారు, యంత్రం విప్పి బిగించగలరు, దారి మరచిపోరు. కాని అక్షరాలు చదవడం, వ్రాయడం, లెక్క చేయడంలో ఏదో ఒకటి ఎంత కొట్టినా తిట్టినా రాదు. దీన్ని డిస్లెక్సియా వగైరా పేర్లతో అభ్యసన వైకల్యం అంటారు. రెండవ రకంవారికి గ్రహించే శక్తే నెమ్మది. పూర్వం బుద్ధిమాంద్యం అనేవారు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. మొదటి రకం పిల్లవాణ్ణి మొద్దు అని పిలిచి పశువుల వెంట పంపేయడం ఎంత అన్యాయమో, రెండవ రకం పిల్లవాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి అన్నం తినిపించడం కూడా అంతే అన్యాయం. రెండవదాన్ని మనం ప్రేమ అనుకొంటాము, అదొక్కటే తేడా.

మొదటి రకం పిల్లల గురించి ముందు చెప్పేస్తాము. వారికి కావలసింది చేతితో నేర్చుకొనే పని, ఓర్పుగల మేస్త్రి. మోటారు వైండింగు, ఇంటి వైరింగు, ట్రాక్టరు రిపేరు, కుట్టుపని ఇవన్నీ పుస్తకం లేకుండా కంటితో చూసి నేర్చుకోగలిగినవి. బిల్లు వ్రాయడం, సామాను పేరు చదవడం దగ్గర ఆగిపోతారు. ఈనాటి ఫోను అట్టపెట్టె మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది, నోటితో చెబితే వ్రాసి పెడుతుంది. అది మోసం కాదు, కంటి చూపు తగ్గినవారికి అద్దాల వంటిది. చదువు కొనసాగించాలనుకొనేవారికి ఓపెన్ స్కూలు ఉంది. 40 శాతం వైకల్యం ధ్రువపత్రం ఉన్నవారికి వ్రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి.

ఇక మన సహోదరి కుమారుని దగ్గరకు వద్దాము. ఆమె ఊరు కడియం నర్సరీలకు దగ్గర. ఆడపడుచు అక్కడ కూలికి వెళుతుంది. మా ఉత్తరం చూసి ఆమెకు ధైర్యం వచ్చిందో ఏమో, మరునాడే కొడుకును ఆడపడుచు వెంట నర్సరీకి పంపింది. కవర్లలో మట్టి నింపే పని. ఫలితం ఏమైందంటే, వాడు కవర్లను అంచు దాకా కూరి కూరి నింపాడు, సగం చిరిగిపోయాయి. మేస్త్రి అందరిలో కేకలు వేశాడు. పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి వచ్చి పది రోజులు గేదె దగ్గరకు కూడా వెళ్లలేదు. “మీ మాట విని పంపాను, ఉన్నది కూడా పోయింది” అని ఆమె వ్రాసింది. అందులో తప్పు మాది. పని చేయగలడని చెప్పాము గాని, పని ఎలా నేర్పాలో చెప్పలేదు.

ఈసారి మేము తెలిసినవారి దగ్గరకు వెళ్లాము. మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలలో ఇలాంటి పిల్లలకు నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. అలాంటి ఒక టీచరుగారు ఓపికగా రెండు గంటలు కూర్చొని మాకు చెప్పిన సంగతులు, ఆ తల్లికి వ్రాసినవే ఇక్కడ వ్రాస్తున్నాము. మీ ఇంట్లో చీపురు పట్టించడానికైనా, పప్పు ఏరించడానికైనా ఇవే పనికి వస్తాయి.

మనకు ఒక్క పనిగా కనిపించేది ఆ పిల్లవాడికి ఏడెనిమిది పనులు. కవరు తీయాలి. నోరు విప్పాలి. మట్టి పోయాలి. నేలకు తట్టాలి. ఇంకొంచెం పోయాలి. పైన బొటనవేలంత ఖాళీ ఉంచాలి, లేకపోతే నీళ్లు నిలవవు. వరుసలో నిలబెట్టాలి. “కవర్లు నింపరా” అన్న ఒక్క మాటలో ఇవన్నీ ఉన్నాయని మనకు తెలుసు, వాడికి తెలియదు. అందుకని నోటితో చెప్పడం తగ్గించి చేతితో చేసి చూపాలి. మరొక సంగతి విని మేము ఆశ్చర్యపోయాము. మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు ముందు నేర్పాలట! అంటే తల్లి కవరు అంతా నింపి చేతికిస్తే, పిల్లవాడు దాన్ని వరుసలో నిలబెట్టాలి. అది కుదిరాక తట్టి సర్ది నిలబెట్టాలి. ఆ తరువాత పై మట్టి పోసి, తట్టి, నిలబెట్టాలి. ఇలా వెనుక నుండి ముందుకు రావాలి. ఎందుకంటే ప్రతిసారీ పని పూర్తయి కళ్లకు కనిపిస్తుంది, “నేను చేశాను” అనుకొంటాడు. ముందు నుండి నేర్పితే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయి ఎవరో ఒకరు లాగేసుకొంటారు.

కొలతకు ఒక డబ్బా కోసి ఇచ్చారు. మొదట ఒక డబ్బా, తట్టాక అర డబ్బా. కంటితో పోల్చుకోవడానికి సరిగా నింపిన కవరు ఒకటి ఎదురుగా పెట్టారు. వాడికి లెక్క అయిదు దాటితే తప్పిపోతుంది, కాబట్టి వాళ్ల నాన్న పది కవర్లు మాత్రమే పట్టే చెక్కపెట్టె ఒకటి చేశాడు. పెట్టె నిండితే పది. పెట్టె ఖాళీ చేసినప్పుడల్లా ఒక గులకరాయి పక్కన వేస్తాడు. లెక్క రానివాడు లెక్క తప్పకుండా నింపుతున్నాడు! ఆ తండ్రి నాలుగు మేకులతో చేసిన పని పది ఉపన్యాసాలతో కాదు.

ఇంటి పెరట్లో ఇలా నెలన్నర చేయించారు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అరగంటతో మొదలుపెట్టి రెండు గంటల వరకు.

పని నేర్పడంతో పాటు ఒక వాక్యం నేర్పమని టీచరుగారు గట్టిగా చెప్పారు. “నాకు తెలియలేదు, ఇంకోసారి చూపించండి.” ఈ పిల్లలు దెబ్బలు, తిట్లు తిని తిని, ఏమడిగినా “ఆఁ” అని తల ఊపడం నేర్చుకొంటారు. అర్థమైందనుకొని యజమాని వెళ్లిపోతాడు. తరువాత పని చెడిపోతే పొగరు అంటాడు. ఆ ఒక్క వాక్యం నోటికి వస్తే సగం గొడవలు ఉండవు. అలాగే దాహం వేస్తే అడగడం, పక్కకు వెళ్లాలంటే చెప్పడం, ఎవరైనా ఒంటి మీద చేయి వేస్తే గట్టిగా వద్దని చెప్పి ఇంటికి వచ్చి చెప్పడం. ఎండలో నీళ్లు అడగక సొమ్మసిల్లిన పిల్లవాణ్ణి మేము చూశాము.

దారి కూడా పాఠమే. మొదటి వారం తండ్రి పక్కన నడిచాడు. రెండవ వారం పది అడుగుల వెనుక నడిచాడు. మూడవ వారం చెరువు గట్టు వరకు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు వాకిట్లోనే ఉండిపోతున్నాడు. అది పిల్లవాడికంటే తండ్రికే కష్టమైందని ఆమె వ్రాసింది.

నర్సరీ యజమానిని రెండవసారి అడిగేటప్పుడు “పాపం, దయచూపండి” అని అడగవద్దన్నాము. దయతో ఇచ్చిన పని దయ తీరగానే పోతుంది. “రెండు వారాలు పూట పని చేయించి చూడండి. మొదటి మూడు రోజులు మేము పక్కన ఉంటాము. కవర్లు చిరిగితే మాకు చెప్పండి, వాడి మీద కేకలు వేయవద్దు. నచ్చితే అందరికీ ఇచ్చే కూలే ఇవ్వండి” అని అడగమన్నాము. ఆయన కొంచెం ఆలోచించి ఒప్పుకొన్నాడు. ఆ చెక్కపెట్టె చూసి ఇంకో రెండు చేయించుకొన్నాడట, మిగతా కూలీలకు కూడా.

కూలి సంగతి వచ్చింది గనుక మా గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మేము ఆరాధనకు వెళ్లే సంఘంలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఇప్పుడు ముప్పై ఏళ్లకు తక్కువ ఉండవు. మాట తడబడుతుంది, చదువు లేదు. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తాడు, గంట కొడతాడు, కుండల్లో నీళ్లు నింపుతాడు. పెళ్లిళ్లకు, కూడికలకు కుర్చీలు మోస్తాడు. సాయంత్రం ఒక పొట్లం అన్నం, ఎప్పుడైనా ఒక పాత చొక్కా ఇస్తారు. “పాపం, మంచివాడు” అంటారు. మేమూ అన్నాము, ఎన్నో ఏళ్లు. ఈ సహోదరికి కూలి అడగమని ఉత్తరం వ్రాసిన తరువాతి ఆదివారం ఆ అబ్బాయి మా ముందు చాప పరుస్తుంటే మాకు కూర్చోబుద్ధి కాలేదు.

కమిటీలో ఈ మాట ఎత్తితే పెద్ద చర్చ అయ్యింది. దేవుని పనికి కూలి ఏమిటని ఒక పెద్దాయన అన్నారు. మైకు సెట్టువానికి ఇస్తున్నాం, కరెంటు పని చేసినవానికి ఇస్తున్నాం, వాళ్లదీ మందిరపు పనే కదా అని స్త్రీల సమాజం నుండి ఒక అక్కగారు అడిగారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలల తరువాత నెలజీతం నిర్ణయించారు. ఎక్కువేమీ కాదు. మొదటి జీతం కవరు చేతికిస్తే ఆ అబ్బాయి దాన్ని తెరవకుండా కానుక పెట్టెలో వేయబోయాడు. కవరు అందుకొంటే అది కానుకకే అని ఇన్నాళ్లూ వాడు చూసింది మరి. పాస్టరుగారు చేయి పట్టుకొని ఆపి, ఇది నీది అని చెప్పవలసి వచ్చింది.

వచ్చిన ఉత్తరాలన్నీ తిరగేస్తే ఇంకొకటి కనిపించింది. ఇలా ఉద్యోగం గురించి అడిగిన తలిదండ్రులలో ఒక్కరు కూడా కూతురి గురించి అడగలేదు. ఆడపిల్ల అయితే ఇంట్లో అంట్లు తోముతుంది, చాలు అనుకొంటాము. లేదా పెళ్లి చేస్తే బాగుపడుతుందని ఎవరో చెబితే నిజం దాచి చేసేస్తాము. ఆ పెళ్లిళ్లలో ఎన్ని ఎలా ముగిశాయో ఈ బల్ల మీది ఉత్తరాలు చెబుతాయి. భయం మాకు తెలుసు. కాని కాజాలు కుట్టడం, బొత్తాలు వేయడం, విస్తళ్లు అదమడం, పచ్చళ్ల సీసాలకు చీటీలు అంటించడం వంటి పనులను నమ్మకమైన నలుగురు స్త్రీల మధ్య, తెలిసిన ఇంట్లో ఏర్పాటు చేయవచ్చు. స్త్రీల సమాజాలవారు ఈ ఒక్క సంగతి మీద ఒక కూడిక పెట్టుకొంటే బాగుంటుంది.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాము. 1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యం ఊసే లేదు. మేధో వైకల్యం ఉన్నా, ఉద్యోగాల కోటాలో వారికి వాటా లేదు. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఈ రెంటినీ చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా 4 శాతం. అందులో 1 శాతం మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, ఆటిజం, మానసిక వ్యాధి, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు గలవారందరికీ కలిపి. దాని మీదనే ఆశ పెట్టుకొని కూర్చోమని మేము చెప్పము. కాని కాగితం లేకపోతే ఆ తలుపు దగ్గరకు కూడా వెళ్లలేము. సదరం క్యాంపులో పరీక్ష చేయించి ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. పింఛనుకు కూడా అదే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేశారు, తెలంగాణలో 2023లో 4,016 చేశారు. పింఛను వస్తోంది కదా, ఇక పని ఎందుకు అనేవారున్నారు. పింఛను ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. ప్రొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటును మాత్రం అది ఇవ్వదు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ప్రారంభమైన జాతీయ సంస్థలో మేధో వైకల్యం గల పిల్లలను పరీక్షించి, ఏ పనికి తగుదురో చెప్పి, వృత్తి శిక్షణ కూడా ఇస్తారు. దూరమైనా ఒకసారి తీసుకొని వెళ్లడం మంచిది. “మేము పోయాక” అని అడిగేవారికి ఇంకొకటి చెప్పాలి. మేధో వైకల్యం గల బిడ్డకు 18 నిండాక చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించుకొనే వీలును 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కలిగించింది. జిల్లాలో కలెక్టరుగారి కమిటీకి దరఖాస్తు చేయాలి. మీరు బాగున్నప్పుడే చేయండి.

ఇక డబ్బు. జీతం వస్తే నోట్లు తెలియాలి. చదువు రానివాడికి రంగులతో నేర్పవచ్చు. పది గోధుమ రంగు, ఇరవై ఆకుపచ్చ కలిసిన పసుపు, యాభై నీలం, వంద లేత ఊదా, రెండు వందలు పసుపు, అయిదు వందలు బూడిద రంగు. ఈ పాఠంలో ఒక చిక్కు ఉంది. పాత వంద నోటు ఇంకా చెలామణిలోనే ఉంది, అది నీలం! దాన్ని యాభై అనుకొనే ప్రమాదం ఉంది. పాతవి ఒక్కొక్కటి దగ్గర పెట్టుకొని వేరుగా చూపించండి. సంతలో ఒక్క వస్తువు, ఒక్క నోటుతో మొదలుపెట్టండి. ఫోనులో డబ్బు చెల్లించడం నేర్పితే పిన్ నంబరు అమ్మకు తప్ప ఎవరికీ చెప్పకూడదన్నది ముందు నేర్పండి.

ఆ సహోదరి నుండి క్రితం నెల మరో ఉత్తరం వచ్చింది. పిల్లవాడు నర్సరీలో ఎనిమిది నెలలుగా పూటపని చేస్తున్నాడు. ఎండలు ముదిరినప్పుడు రెండు వారాలు మానేశాడు, మళ్లీ వెళుతున్నాడు. ఒకసారి ఎవరో వేళాకోళం చేస్తే చెక్కపెట్టె విసిరి కొట్టాడట. మేస్త్రి ఈసారి కేకలు వేయకుండా పక్కకు తీసుకొని వెళ్లి కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆమెకు వచ్చిన కష్టం వేరు. “మొన్నటి దాకా కూలి డబ్బులు తెచ్చి నా చేతికిచ్చేవాడు. ఈ నెల ఇవ్వనన్నాడు. పాటలు వినడానికి రేడియో ఉన్న ఫోను కొంటాడట. దుకాణంలో చూసి వచ్చాడు. ఇంట్లో బియ్యానికి ఇబ్బందిగా ఉంది. వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు?”

కొననివ్వమని వ్రాశాము. బటన్ల ఫోను చాలునని, బేరం వాణ్ణే అడగనివ్వమని, మీరు వెనుక నిలబడండని. వచ్చే నెల నుండి కూలిలో ఎంత బియ్యానికి ఇస్తాడో వాణ్ణే అడగమన్నాము.